టవరు లేని విమానాశ్రయాలు

విమానాశ్రయం అనగానే మన మనసులో మెదిలేవి గాజు గోడల భవనం, దాని ముందు కార్ల బారులు, భద్రతా తనిఖీ వరుసలు, వీటన్నిటినీ పైనుంచి పర్యవేక్షించే కంట్రోల్ టవరు. ఇవేవీ లేకుండా, ఊరి చివర మొక్కజొన్న చేల నడుమ ఒక సిమెంటు బాట, రెండు మూడు రేకుల షెడ్లు, గాలి ఎటు వీస్తున్నదీ తెలిపే నారింజ రంగు గుడ్డ గొట్టం మాత్రమే ఉన్న చోటును కూడా విమానాశ్రయమనే పిలుస్తారు. అమెరికా దేశంలో ప్రజలు వాడుకోదగిన విమానాశ్రయాలు సుమారు 5,000 ఉండగా, మనబోటి వారు టిక్కెట్టు కొని ఎక్కే విమానాలు వేళ ప్రకారం వచ్చిపోయేవి వాటిలో 500 ప్రాంతం. కంట్రోల్ టవరు ఉన్నవీ దాదాపు అన్నే. తక్కిన చోట్ల దిగమని అనుమతించే వారూ లేరు, వద్దని వారించే వారూ లేరు. అయినా అక్కడ రోజూ విమానాలు లేస్తాయి, దిగుతాయి.

ఇది ఎలా సాధ్యమన్నది 2024 సెప్టెంబరు చివరి శనివారం నాటి మధ్యాహ్నం, అయోవా రాష్ట్రంలో మేము స్వయంగా చూశాము. లైన్ క్లియర్లు, వర్క్ పర్మిట్లు, సేఫ్టీ కమిటీల మధ్య ఉద్యోగ జీవితం గడిపే మన సంస్థ మిత్రులకు ఆ సంగతులు ఆసక్తి కలిగిస్తాయన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా అమ్మాయి ఏమ్స్ పట్టణంలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో చదువుకొని, అక్కడే ఉద్యోగంలో స్థిరపడింది. విమానం నడపడానికి లైసెన్సు సంపాదించిన సంగతి, కాగితం చేతికి వచ్చిన తరువాతనే మాకు చెప్పింది. ముందుగా చెబితే వాళ్ళమ్మ ఏమంటుందో తనకు తెలుసు. సొంత సరదాకు విమానం నడిపే ఆ లైసెన్సుకు పదిహేడేళ్ళ వయసు నిండాలి. తక్కువలో తక్కువ 40 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 20 గంటలు శిక్షకుని పక్కన, 10 గంటలు ఒంటరిగా. ఆపైన రాతపరీక్ష, మౌఖిక పరీక్ష, గాలిలో పరీక్ష. ఇంత చేసినా డబ్బు తీసుకొని ఎవరినీ ఎక్కించుకోకూడదు. తోడు వచ్చిన వారితో ఆ ప్రయాణపు ఖర్చు సమానంగా పంచుకోవచ్చునంతే. “మీ వాటా తరువాత చూసుకుందాంలే నాన్నా” అని మా అమ్మాయి భరోసా ఇచ్చింది.

బయలుదేరే ముందునాటి రాత్రి తను తూకపు యంత్రం ఒకటి తెచ్చి హాలులో పెట్టి, “అమ్మా, ఒకసారి ఎక్కు” అన్నది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో మాకు తెలియని రహస్యమొకటి ఆ రాత్రి ముందు కిలోల లెక్కన, ఆపైన పౌండ్ల లెక్కన బయటపడింది. మేము ఎక్కబోయేది సెస్నా 172 అనే విమానం. 1955లో మొదటిసారి ఎగిరిన ఈ నమూనా ఇప్పటికి 44,000కు పైగా తయారైంది. ప్రపంచంలో మరే విమానమూ ఇన్ని తయారు కాలేదు. సీట్లు నాలుగు. అయితే సీట్లున్నాయి గదా అని నలుగురు నిండు మనుషులు ఎక్కి, ట్యాంకుల నిండా పెట్రోలు పోస్తే బరువు హద్దు మీరుతుంది. గాలను పెట్రోలు ఆరు పౌండ్లు. మొత్తం బరువు ఎంతన్నదే కాదు, గరిమనాభి ఎక్కడ పడుతున్నదన్నది కూడా లెక్క కట్టాలి. ఆ లెక్క ప్రకారం మేము ముందు కుడి సీటులోను, మా శ్రీమతి వెనుక కుడి పక్కన కూర్చోవాలని తేలింది. ఈ ఏర్పాటు తరువాత ఎంత పనికివచ్చిందో మున్ముందు తెలుస్తుంది.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు ఏమ్స్ విమానాశ్రయానికి వెళ్ళాము. సంచులు తెరిచి చూసిన వారు లేరు, గుర్తింపు కార్డు అడిగిన వారు లేరు. మా అమ్మాయి విమానం చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతూ ప్రతి కీలు, ప్రతి మర తాకి చూసింది. రెక్కల అడుగున ఉన్న చిన్న కవాటం నుంచి పారదర్శకమైన గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి వెలుతురుకు ఎత్తి పరిశీలించింది. నీరు చేరి ఉంటే అడుగున వేరే పొరగా నిలుస్తుంది. ఆ పెట్రోలు నీలం రంగులో ఉన్నది. దానిలో నేటికీ సీసం కలుపుతారని విని మేము ఆశ్చర్యపోయాము. కార్లకు సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే పోయింది. అమెరికాలో అంతకు ముందే, 1996లో. చిన్న విమానాల ఇంజన్లకు మాత్రం సరైన ప్రత్యామ్నాయం అంతటా అందే దాకా ఇది తప్పడం లేదట.

ఇంజను నాలుగు సిలిండర్లది, గాలితో చల్లబడేది. ఒక్కొక్క సిలిండరుకు రెండు స్పార్కు ప్లగ్గులు. వాటికి విద్యుత్తునిచ్చే మాగ్నెటోలు రెండు. ఇవి బ్యాటరీతో గాని, విమానంలోని ఇతర విద్యుత్ వ్యవస్థతో గాని సంబంధం లేకుండా, ఇంజను తిరుగుతున్నంత సేపు తమంత తాము పనిచేస్తాయి. లేవబోయే ముందు ఇంజను వేగం పెంచి, ఒక మాగ్నెటో ఆపి చూశారు, పిదప రెండవది. వేగం కొద్దిగా తగ్గాలి, అతిగా తగ్గరాదు. అసలు తగ్గకపోయినా అనుమానించవలసిందే. ఈ పరీక్షలన్నీ మా అమ్మాయికి కంఠతా వచ్చును. అయినా పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, ఒక్కొక్క పంక్తి పైకి చదివి, ఆ పని చేసి, వేలు కిందికి జరిపింది. వెనుక నుంచి మా శ్రీమతి “ఇంకా ఎంతసేపే ఈ తంతు?” అని అడగడం వినపడింది. మాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నదని పర్మిటు చదవకుండా సంతకం పెట్టే వారిని మనమందరం ఎరుగుదుము.

మా శ్రీమతి చీరతోనే ఎక్కింది. ధైర్యం చెప్పబోయి, 1936లో సరళా ఠక్రాల్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ ఇల్లాలు చీర కట్టుకొనే లాహోరులో జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిందనీ, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే ప్రేమ్ మాథుర్ అనే యువతి మన బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా చేరిందనీ చెప్పాము. “వాళ్ళమ్మలను కూడా వెనకాల కూర్చోబెట్టుకున్నారా?” అని ప్రశ్న వచ్చింది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

తలుపులు మూసే ముందు అమ్మాయి మా ఇద్దరికీ మూడు మాటలు చెప్పింది. బెల్టు ఎలా విప్పాలో, తలుపు ఎలా తీయాలో ముందు చూపించింది. మూడవది: “గాలిలో మరో విమానం కనబడితే, నేను చూశానో లేదో అని సందేహించకుండా వెంటనే చెప్పండి. చూసినదే చెప్పినా ఫరవాలేదు.”

రన్‌వే కొసన 13 అని పెద్ద అంకె రాసి ఉన్నది. అది వరుస సంఖ్య కాదు. దిక్సూచి మీద ఆ బాట 130 డిగ్రీల వైపు, అంటే ఆగ్నేయానికి చూస్తున్నదని అర్థం. చివరి సున్న వదిలేస్తారు. అదే బాటకు రెండవ కొసన 31 ఉంటుంది. గాలి ఆగ్నేయం నుంచి వస్తున్నందున గాలికి ఎదురుగా పరుగు తీశాము. గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకునేసరికి ముందు చక్రం లేచింది, ఆ వెంటనే నేల జారిపోయింది. పెద్ద విమానంలో కిటికీ పక్క కూర్చుంటే ఒక పక్కే కనబడుతుంది. ఇక్కడ ఎదుటా కుడిఎడమలా ఆకాశమే. రెక్క తల మీదుగా ఉన్నందున కిందికి చూడడానికి అడ్డేమీ లేదు.

కింద కనబడిన అయోవా చదరంగపు బల్ల. 1785లో చేసిన చట్టం ప్రకారం ఈ ప్రాంతాల భూమినంతా మైలు పొడవు, మైలు వెడల్పు గల చదరాలుగా కొలిచారు. చదరానికి 640 ఎకరాలు. చాలావరకు ఆ గీతల మీదనే మట్టిరోడ్లు పడ్డాయి. మా విమానం నిమిషానికి రెండు మైళ్ళు పోతుంది గనుక, నేరుగా దక్షిణానికి పోతే అరనిమిషానికొక రోడ్డు చొప్పున లెక్కబెట్టుకోవచ్చును. గోదావరి డెల్టాలో కాలువ ఎటు తిరిగితే చేను అటు తిరిగే భూములు చూస్తూ పెరిగిన మా కంటికి ఆ తీరు మొదట ఎబ్బెట్టుగానే తోచింది. మొక్కజొన్న పండి బంగారు రంగు తేలి ఉన్నది. అక్కడక్కడ కోత యంత్రాల వెనుక దుమ్ము తోకలాగా లేస్తున్నది. ప్రతి ఊరికీ ఒక నీళ్ళ ట్యాంకు, దాని మీద ఊరి పేరు. 1930లలో ఊరి పేర్లను పైలట్లకు కనబడేలా ఇళ్ళ కప్పుల మీద పెద్ద అక్షరాలతో రాయించే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి నడిచిందనీ, దాని వెనుక ఫీబీ ఆమ్లీ అనే మహిళా పైలట్ ఉన్నదనీ, ఆమె ఈ అయోవాలోని డెమాయిన్ నగరంలోనే పుట్టిందనీ అమ్మాయి చెప్పింది. యుద్ధం వచ్చాక అదే కార్యక్రమంలో పనిచేసిన వారే చాలా పేర్లను తుడిపించవలసి వచ్చిందట. శత్రువుకు కూడా దారి తెలుస్తుంది గదా!

మా మొదటి మజిలీ పెల్లా. అరగంట దారి. పది మైళ్ళ దూరం ఉండగానే అమ్మాయి రేడియోలో మాట్లాడడం మొదలుపెట్టింది. ఎవరితోనని అడిగితే, “ఎవరితోనూ కాదు, అందరితోను” అన్నది. టవరు లేని చోట పద్ధతి ఇదే: ‘పెల్లాలో ఎగిరేవారికి మనవి, ఫలానా విమానం వాయవ్యాన పది మైళ్ళ దూరంలో ఉన్నది, దిగడానికి వస్తున్నది, పెల్లా.’ ఊరి పేరు మొదట ఒకసారి, చివర ఒకసారి చెప్పాలి. ఎందుకంటే అనేక చిన్న విమానాశ్రయాలు ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకుంటాయి. ఏ ఊరి సంగతో తెలియకపోతే పొరపాటు వస్తుంది. ఆ కారణంగా మేము ఎన్నడూ చూడని ఊళ్ళ మాటలు కూడా చెవిలో పడుతూనే ఉన్నాయి. ఒకరు లేస్తున్నారు, ఒకరు దిగారు, ఒకరు రన్‌వే ఖాళీ చేశామంటున్నారు. జవాబు కోరి మాట్లాడుతున్న వారు తక్కువ. తామెక్కడ ఉన్నదీ చెప్పి ఊరుకుంటున్నారు. విన్నవారు తమ జాగ్రత్త తాము పడుతున్నారు. రన్‌వేకు వెయ్యి అడుగుల ఎత్తున, దాని పక్కగా, అందరూ ఒకే వైపు, సాధారణంగా ఎడమకు తిరుగుతూ, దీర్ఘచతురస్రంగా చుట్టి దిగడం ఆచారం.

కుడి పక్క రెడ్‌రాక్ జలాశయం తళుక్కుమన్నది. వరదలను అదుపు చేయడానికి 1969లో డెమాయిన్ నది మీద కట్టిన ఆనకట్ట అది. యాభై ఏళ్ళ పాటు వృథాగా దూకిన నీటికి ఇటీవల జలవిద్యుత్ యంత్రాలు అమర్చారని విని మాకు సహజంగానే ముచ్చట కలిగింది.

పెల్లాలో ఎక్కువసేపు లేము. 1847లో డచ్చివారు వచ్చి కట్టుకున్న ఊరు, పదివేల జనాభా. విమానాశ్రయంలో ఒక పాత కారు, బల్ల మీద దాని తాళంచెవి, పక్కన పుస్తకం. పేరు రాసి ఎవరైనా తీసుకుపోవచ్చును. తిరిగి తెచ్చేటప్పుడు కాస్త పెట్రోలు పోయడం మర్యాద. ఆ కారులో ఊళ్ళోకి వెళ్ళి, 2002లో హాలెండు పద్ధతిలో కట్టిన ఎత్తైన గాలిమర, బాదంముద్ద నింపిన వంకర రొట్టె చూసి వచ్చాము. రొట్టె చూడడంతో ఆగలేదని వేరే చెప్పనక్కరలేదు.

అసలు సంగతి గ్రినెల్ దగ్గర జరిగింది. పెల్లా నుంచి అది పావుగంట దారి. అమ్మాయి అన్ని మాటలూ రేడియోలో చెప్పింది, ఎవరూ పలకలేదు. ఎడమకు తిరుగుతూ చుట్టి, రన్‌వేకు ఎదురుగా నిలిచి దిగుతున్నాము. మూడు నాలుగు వందల అడుగుల ఎత్తున ఉన్నాము. మేము రన్‌వే మీది అంకెలనే చూస్తున్నాము. ఏమ్స్‌లో లేచింది మొదలు రెండు మాటలు మించి మాట్లాడని మా శ్రీమతి వెనుక నుంచి “అమ్మాయ్, కుడిపక్క, కింద, పచ్చ విమానం!” అన్నది. అరవలేదు. వంటింట్లో పాలు పొంగుతున్నాయని చెప్పినట్లు చెప్పింది.

మాకంటే దిగువగా, కుడి నుంచి మా దారికి అడ్డంగా, పసుపుపచ్చని చిన్న విమానం ఒకటి రన్‌వే వైపు మళ్ళుతున్నది. అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోసింది. ముక్కు లేచింది. రన్‌వేకు ఎడమగా తప్పుకొని, ఆ విమానం కనుచూపు తప్పకుండా పైకి పోయాము. ఆ తరువాతనే రేడియోలో, దిగడం మానుకొని మళ్ళీ చుట్టి వస్తున్నామని చెప్పింది. అంతా కలిపి పది పన్నెండు క్షణాలు. మళ్ళీ చుట్టి వచ్చి దిగేసరికి ఆ విమానం షెడ్డు దగ్గరకు చేరిపోయింది.

అది పైపర్ కబ్ అనే రకం. ఉత్పత్తి 1947లోనే ఆగిపోయిన బండి. అసలు నమూనాలో బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు. ముందున్న పంకాను చేత్తో తిప్పి ఇంజను లేపుతారు. దానిలో రేడియో లేదు. టవరు లేని విమానాశ్రయంలో రేడియో ఉండి తీరాలన్న నిబంధనా లేదు; కళ్ళే ఆధారం. నడిపిన వారు డెబ్బై దాటిన రైతు. మేము దిగగానే టోపీ చేత్తో పట్టుకొని వచ్చి, ఎండ కళ్ళలో పడి మమ్మల్ని చూడలేదని చెప్పారు. కింద ఉన్న విమానానికి ముందు దిగే హక్కున్నా, ఎదుట నేరుగా దిగుతున్న దానికి అడ్డం రావడానికి ఆ హక్కును వాడరాదన్నది నియమం. కనుక నియమం మా వైపే ఉన్నది. మేమా మాట అనబోతే అమ్మాయి కన్నుతో వారించి, “మిమ్మల్ని మా అమ్మ చూసింది” అని మాత్రం ఆయనతో అన్నది. ఆయన మా శ్రీమతి వైపు తిరిగి తల వంచారు. ఆమె నమస్కారం పెట్టింది. హక్కు ఎవరిదని మేము తరువాత అడిగితే, అది నేల మీద తేల్చుకునే సంగతి నాన్నా అన్నది మా అమ్మాయి.

ఆ సాయంత్రం గ్రినెల్ షెడ్డు ముందు బెంచీ మీద గంటకు పైగా కూర్చున్నాము. గాభరా తీరడానికి అంతసేపు అవసరమైంది. అవసరమైంది మాకే, ఆడవాళ్ళిద్దరికీ కాదు. గ్రినెల్ కూడా పదివేల లోపు జనాభా గల ఊరే. ఇంటెల్ సంస్థ స్థాపకులలో ఒకరైన రాబర్ట్ నాయిస్ ఈ ఊళ్ళో పెరిగిన వాడే. 1940లో, పన్నెండేళ్ళ వయసులో, అన్నతో కలిసి సొంతంగా గ్లైడరు కట్టి, ఇక్కడి కళాశాల గుర్రపుశాల కప్పు మీది నుంచి దూకాడట. అటువంటి ఊరికి విమానాశ్రయం ఉండడం న్యాయమే.

అయితే దీనిని నిలబెడుతున్నది ఎవరు? ఆ రాష్ట్రంలో 99 కౌంటీలుంటే విమానాశ్రయాలు నూటికి పైగా ఉన్నాయి. కౌంటీ అంటే విస్తీర్ణంలో మన పాత తాలూకా వంటిది. విమాన టిక్కెట్ల మీద, ఇంధనం మీద పన్ను వేసి 1970లో కేంద్రప్రభుత్వం ఒక నిధి ఏర్పాటు చేసింది. చిన్న ఊళ్ళ రన్‌వేల మరమ్మతు ఖర్చులో సింహభాగం దాని నుంచి వస్తుంది. అంటే పెద్ద నగరాల మధ్య తిరిగే ప్రయాణికుడు గ్రినెల్ రన్‌వేకు కొంత చెల్లిస్తున్నాడు. సరదాగా తిరిగే వారి కోసం మేమెందుకు కట్టాలని గొణిగే వారు అక్కడా లేకపోలేదు. ఆ గొణుగుడులో కొంత నిజం ఉన్నది. మా మధ్యాహ్నపు విహారానికి అయిన అద్దెతో మన దేశంలో ఒక కొసనుంచి ఇంకో కొసకు విమానంలో పోయి రావచ్చును. కాని ఆ రన్‌వే మా వంటి వారి కోసం మాత్రమే లేదు. చేలకు మందు చల్లే విమానాలు, రోగులను పెద్దాసుపత్రికి చేర్చే విమానాలు అక్కడే దిగుతాయి. గ్రామీణ విద్యుదీకరణకు పట్టణ వినియోగదారుడు ఎందుకు భరించాలని ఒకప్పుడు మన దగ్గర జరిగిన వాదమే ఇది. అప్పుడు మేము ఏ పక్షమో ఇప్పుడూ ఆ పక్షమే.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, మిగిలిపోయిన సైనిక విమానాశ్రయాలను వందల సంఖ్యలో, 1944 నాటి చట్టం కింద, ఊళ్ళకు అప్పగించారు. ప్రజలందరికీ విమానాశ్రయంగానే తెరిచి ఉంచాలన్నది షరతు. ఆ మాట విన్నప్పుడు మాకు తాడేపల్లిగూడెం రన్‌వే గుర్తుకు వచ్చింది. అదీ ఆ యుద్ధకాలంలో వేసినదే. మా చిన్నతనంలో అక్కడ విమానాన్ని చూసిన వారు పెద్దవాళ్ళలోనే ఉండేవారు. మేము చూసినది సైకిలు నేర్చుకునే పిల్లలను, తెల్లవారుజామున నడిచే వారిని. ఆ సిమెంటు మీదే మేమూ సైకిలు నేర్చాము. గ్రినెల్ బెంచీ మీద ఈ సంగతి చెబితే, దాని పొడవెంతని మా అమ్మాయి అడిగింది. రెండు కిలోమీటర్లు ఉంటుందన్నాము. ఈ గ్రినెల్ రన్‌వే కంటే పొడవైనదే నాన్నా అన్నది.

తిరుగు ప్రయాణంలో సూర్యుడు ఎదుటనే ఉన్నాడు. ఏమ్స్ చేరేసరికి కింద చీకటి పడుతున్నది, రన్‌వే కానరావడం లేదు. మా అమ్మాయి రేడియో మీట అయిదుసార్లు టకటక నొక్కింది. కింద రెండు వరుసల దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. మనుషులెవరూ లేరు, విమానంలోని మీటే అక్కడి స్విచ్చు. మూడుసార్లు నొక్కితే మందంగా, ఏడుసార్లు నొక్కితే ప్రకాశవంతంగా వెలిగి, పావుగంటకు వాటంతట అవే ఆరిపోతాయి. వృథా విద్యుత్తు విషయంలో ఇంత పొదుపు మన క్వార్టర్ల వీధి దీపాలకు ఎప్పుడు వస్తుందో!

ఇంటికి వచ్చి భోజనాలయ్యాక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చున్నది. 1976 నుంచి నాసా సంస్థ ఒక ఏర్పాటు నడుపుతున్నది. విమానం నడిపేవారు తమకు ఎదురైన ప్రమాదకర సంఘటనను, తప్పు ఎవరిదైనా సరే, స్వచ్ఛందంగా రాసి పంపవచ్చును. శిక్షలు వేసే శాఖకు కాక వేరే సంస్థకు పంపడంలోనే కిటుకు ఉన్నది; దాచిపెట్టే అవసరం ఉండదు. ‘నియర్ మిస్’ రిజిస్టరులో నెలనెలా ‘నిల్’ అని రాసే విభాగాలను చూసిన వారికి దీని విలువ వేరే చెప్పాలా?

“అమ్మా, నువ్వు చూసినప్పుడు అది మనకంటే ఎంత కిందుగా ఉంది?”

“మన కొబ్బరిచెట్లు రెండు నిలబెట్టినంత.”

అమ్మాయి దానిని అడుగులలోకి మార్చుకున్నది. “ఎటువైపు నుంచి వచ్చింది?”

“నా కుడిచేతి వైపు. షెడ్డు కనబడిందే, దానికివతల. ఆ పెద్దాయన పేరు రాస్తున్నావా ఏమిటి?”

“లేదమ్మా. ఎవరి పేర్లూ ఉండవు. నా పేరు కూడా తీసేసే దాచుకుంటారు.”

“అయితే సరే. ఎండ ఆయన కళ్ళలో పడిందని మాత్రం రాయి.”